ఎర్రబండి తాగిన డీజిలు

కిషన్ రావు సారుకు ప్రపంచంలోని ఊళ్లన్నీ ఒకే పట్టికలో వరుసలు. కలకత్తా ఒక వరుస, మెల్‌బోర్న్ ఒక వరుస, జ్యూరిక్ ఒక వరుస. ఏ ఊళ్లో పట్టాల మీద నడిచే చిన్న బండి ఎంత తక్కువ ఖర్చుతో ఎంతమందిని చేరుస్తుందో ఆయన దగ్గర లెక్క ఉంది. అన్నిటికన్నా కింద ఒక ఖాళీ వరుస వదిలి, పెన్సిలుతో వరంగల్ అని రాసుకున్నాడు. ఆ ఖాళీ నింపడానికే ఎనభై రెండులో సుబేదారిలో ఒక అద్దె ఇంట్లో మా ఆఫీసు తెరిచారు.

అందులో లెక్కలు కట్టేదాన్ని నేను. పేరు భారతి. స్టాటిస్టిక్స్ చదివాను, నోరు కాస్త పెద్దది. కాజీపేట బజారులో మా బాపు రామలింగానికి బెల్లం దుకాణం ఉంది. ఆడపిల్లకు ఉద్యోగమేమిటని మా బంధువులు సణిగితే, దీన్ని దుకాణంలో కూర్చోబెడితే గిరాకీ పారిపోతుంది, ఆఫీసే నయమని చెప్పి బాపు నన్ను పంపించాడు. ఆయన అన్నది నిజమే కాబట్టి నేనూ ఏమీ అనలేదు.

పని ఇదీ. కాజీపేట నుంచి వరంగల్‌కు గూడ్సు బండ్లు ఎప్పుడో ఒకసారి తిరిగే పాత లైను ఒకటి ఉంది. దాని మీద ఒకటే పెట్టె ఉండే రైలు బస్సు నడిపితే, ఊరికి మామూలు బస్సులకన్నా మేలా కాదా తేల్చాలి. రెండు కంపెనీలు చెరొక బండి పంపాయి. ఒకదానికి ఎర్ర రంగు, ఇంకోదానికి పచ్చ రంగు. జనం వాటిని ఎర్రబండి, పచ్చబండి అన్నారు. కొన్నాళ్లకు ఆఫీసు కాగితాల్లో మేమూ అట్లాగే రాయడం మొదలుపెట్టాం. ఏది మెరుగని తేలితే అది ఊరికి ఉంటుంది, రెండోది వచ్చిన దారినే పోతుంది.

పోటీ వేగంలో కాదు. పరుగు చూసి మురిసిపోయేవాళ్లంటే సారుకు చిరాకు. ఎంత ఇనుమును కదిలించి ఎంతమంది మనుషుల్ని చేర్చావు, దానికి ఎంత డీజిలు తాగించావు, అదొక్కటే అడగమనేవాడు. కలకత్తా ట్రాములో మనిషికన్నా ఇనుమే ఎక్కువ ప్రయాణం చేస్తుందని నవ్వేవాడు. బండి ఎంత తేలికైతే ఎక్కినవాళ్ల బరువు అంతగా లెక్కలోకి వస్తుందని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. కానీ మనిషి బరువు ఎంతని వేసుకోవాలంటే మాత్రం ఆయన పుస్తకంలో ఉన్న సగటునే వేసుకున్నాడు. మా దిక్కు కూలికి పోయే ఆడవాళ్లు ఆ సగటుకు ఎక్కడ తూగుతారని నేను అడిగితే, తూగకపోతే మరీ మంచిది, డీజిలు ఇంకా తక్కువ పడుతుందన్నాడు.

రెండు బండ్లూ నిండుగా నడిస్తేనే పోలిక నిలుస్తుంది. మామూలు రోజుల్లో కొత్త బండి ఎవరెక్కుతారు? బస్సు ఉండగా పట్టాల మీద పెట్టెను నమ్మేవాళ్లు లేరు. అందుకని మేడారం జాతర వారం పెట్టుకుందామని మా ఆఫీసులో వాళ్లే సలహా ఇచ్చారు. కాజీపేటలో రైలు దిగేవాళ్లూ, మడికొండ చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ వరంగల్ దాకా పోయి, అక్కడ ములుగు బస్సులెక్కుతారు. టికెట్ లేకుండా ఎక్కించుకుంటే బండి నిండకపోవడమనేది ఉండదు. జాతరకు పోయే రోజుల్లో ఎర్రబండి, జాతర నుంచి వచ్చే రోజుల్లో పచ్చబండి నడపాలని నిర్ణయించారు. పెద్ద సామాన్లు ఎక్కించకూడదని కండక్టర్లకు గట్టిగా చెప్పారు. సారుకు హైదరాబాద్‌లో ఏదో మీటింగు ఉండి, పచ్చబండి రోజులకే వచ్చి చేరాడు.

ఎర్రబండి డ్రైవరు వెంకట్రాజం. మడికొండ అవతల పల్లె అతనిది. ఇంతకు ముందు లారీ నడిపేవాడు. మా దగ్గర పని తాత్కాలికమే అయినా, బండి ఊరికి ఉండిపోతే అతని ఉద్యోగం ఖాయమవుతుందని సారు మాటిచ్చాడు. పెళ్లాం మొగిలమ్మ, తల్లి బక్కమ్మ, మూడేళ్ల కూతురు సారలమ్మ. ముందటేడు వానాకాలం ఆ పిల్లకు జ్వరమొచ్చి ఎంతకీ దిగలేదు. దవాఖానలో డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో అందరికీ తెలుసు. ఇంటికి తెచ్చుకున్నారు, మేడారం అమ్మవార్లకు మొక్కుకున్నారు, పిల్ల లేచి తిరిగింది. వెంకట్రాజం ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా చెప్పినట్టే చెప్పేవాడు.

జాతర అయిపోయింది. లెక్క కట్టాను. రెండు బండ్లలో ఎక్కిన జనం ఇంచుమించు సమానం. దూరం సమానం. ఆగిన చోట్లు సమానం. ఎర్రబండి మాత్రం పావు వంతు డీజిలు ఎక్కువ తాగింది. నేను నమ్మలేక మళ్లీ కట్టాను. మళ్లీ అదే వచ్చింది.

సారు తొందరపడే మనిషి కాదు, అది ఒప్పుకోవాలి. ముందు ఇంజను మీద అనుమానపడ్డాడు. మెకానిక్కులతో విప్పించి చూశాడు, లోపమేమీ లేదన్నారు. తర్వాత రెండు బండ్లనూ ఖాళీగా, వేరే డ్రైవరుతో, ఒకే రోజు నడిపించాడు. రెండూ సమానంగా తాగాయి. ఇంజను బాగుంది, జనం సమానం, దారి సమానం. ఇంకేం మిగిలింది? డీజిలు బండి తాగలేదు, బయటికి పోయిందని సారు తేల్చాడు. ట్యాంకు తాళం వెంకట్రాజం దగ్గర ఉండేది. పోలీసులకు ఫిర్యాదు పోయింది. మరుసటి రోజు పొద్దున మా ఆఫీసు వాకిట్లోనే వెంకట్రాజాన్ని జీపెక్కించారు.

నేను కట్టిన పట్టిక పట్టుకుని ఒక మనిషిని జైలుకు తోలుతారని నాకు ఊహలో కూడా లేదు. అతను గింజుకోలేదు, ఏడవలేదు. నేను తీయలేదని ఒక్కమాట అన్నాడు. ఎట్లా ఎక్కువైందో చెప్పమని సారు అడిగితే తల వంచుకుని నిలబడ్డాడు. తెలిసినవాడు మాట్లాడనట్టుగా ఉంది ఆ నిలబడడం. సారు దాన్ని దొంగతనం ఒప్పుకోవడం కిందే తీసుకున్నాడు. నాకు కూడా ఒక క్షణం అట్లాగే అనిపించింది, తర్వాత నా మీద నాకే మంటెత్తింది.

జామీను దొరకలేదు. ఫాల్గుణం పోయింది, చైత్రం వచ్చింది. ఎండలు ముదిరాయి. సారు రిపోర్టు రాయడం మొదలుపెట్టాడు. పచ్చబండి గెలిచినట్టే.

ఒక ఆదివారం నేను బాపు దుకాణంలో ఉండగా మొగిలమ్మ వచ్చింది. చంకలో పిల్ల. నన్ను సారుతో మాట్లాడమని అడగడానికి మడికొండ నుంచి నడిచి వచ్చింది. సారు రుజువు అడుగుతున్నాడని, నా దగ్గర రుజువు లేదని చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గనిపించింది. ఆమె గడప మీద కూలబడింది. బాపు మంచినీళ్లు ఇప్పించి, పిల్ల చేతిలో ఇంత బెల్లం ముక్క పెట్టి, ఆ పిల్లను చూసి ముచ్చటపడ్డాడు.

"దీని మొక్కుకే గదా బిడ్డా, మాఘంల ఈమె మన కాంటల కూసున్నది. అయిదు దిమ్మలు సరీగ తూగినయి. ఒక్క పలుకు గూడ కొట్టే పని వడలే."

మేడారం అమ్మవార్లకు ఇచ్చే బెల్లాన్ని బంగారమంటారు. మొక్కు పెద్దదైతే మనిషిని ఒక పల్లెంలో కూర్చోబెట్టి, ఇంకో పల్లెంలో అంత బరువు బంగారం తూచి, అది మోసుకుపోయి గద్దె మీద వేస్తారు. మా దుకాణంలో దూలానికి వేలాడే పెద్ద కాంటా మీద చిన్నప్పటి నుంచి ప్రతి జాతరకూ చూస్తున్నదే. చూసి చూసి అది నా కళ్లకు ఆనడం మానేసింది.

అయిదు దిమ్మలూ ఎట్లా తీసుకుపోయావని ఊరికే అడిగాను. తన మొగుడి బండిలోనే పోయానంది. ఇంకెవరున్నారంటే, ఊరంతా ఉన్నారంది. వాళ్ల ఊళ్లో ఆ ఏడు పిల్లలకు జ్వరాలు చుట్టబెట్టాయి, ఇంటింటికీ నిలువెత్తు మొక్కే. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కూడా ఎర్రబండికే వచ్చారంది, డ్రైవరు మనవాడని.

నాకు దిమ్మ తిరిగిపోయింది. ఎర్రబండి ఎక్కినవాళ్లలో చాలామంది వెంట ఇంకో మనిషంత బరువు ఎక్కింది. వచ్చేటప్పుడు అందరూ ఖాళీ చేతులతో పచ్చబండి ఎక్కారు. తలల మీదున్నది కళ్లకు ఆనక తలలు మాత్రం లెక్కపెట్టాం, సమానమన్నాం. బండి తేలికైతే ఎక్కిన బరువే లెక్క అని బోర్డు మీద గీసుకున్న ఆఫీసు మాది. డీజిలు ఎక్కడికీ పోలేదు. అమ్మవారి బంగారం మోయడానికి పోయింది.

"అంత బంగారం నెత్తిన వెట్టుకుంటే బరువు గాలేదా మొగిలమ్మా?" అన్నాను సంబరంగా.

ఆమె పిల్లను గుండెకు అదుముకుని లేచి నిలబడింది. బాపు నా వైపు తిరిగి, ఆ మాట అడగవద్దని కసిరాడు. ఎందుకో ఆయన చెబితేనే తెలిసింది నాకు. ఆ ఊళ్ల వాళ్లు బంగారం ఎత్తుకున్నాక దాన్ని బరువని నోటితో అనరు. జాతరలో అనరు, జాతర తర్వాతా అనరు. అంటే మొక్కు చెల్లదు. అమ్మవారు ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటుందని నమ్మకం. మొగిలమ్మకు అమ్మవారు ఇచ్చింది ఆమె చంకలోనే కూర్చుని బెల్లం చీకుతోంది.

కండక్టరు నోరెందుకు విప్పలేదో కూడా అర్థమైంది. అమ్మవారి బంగారాన్ని ఆపే ధైర్యం అతనికి లేదు, దాన్ని సామాను అని చెప్పే నోరూ లేదు. అన్నిటికన్నా నన్ను కొట్టినట్టు తగిలింది వెంకట్రాజం సంగతి. అతనికి మొదటి రోజు నుంచే తెలుసు. బరువెక్కువ సారూ అని ఒక్కమాట అంటే జీపు ఖాళీగా పోయేది. అనలేదు. కూతురి కోసం దొంగ అనిపించుకున్నాడు.

నాకు కోపం ఆగలేదు. జాలి కూడా వేసింది, కానీ కోపమే ఎక్కువ. ఒక మాట అంటే పిల్లకు జ్వరమొస్తుందా? ఈ మూఢత్వం ఏమిటని బాపు మీద అరిచాను.

సోమవారం సారుకు అంతా చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. ఆ రోజుల్లో తాను ఊళ్లో లేనందుకు తనను తానే తిట్టుకున్నాడు. మంచి మనిషే. కానీ ఆయన మంచితనం కూడా కాగితం మీదే నడుస్తుంది. పోలీసు కేసు అయ్యాక నోటిమాట మీద వెనక్కి తీసుకోవడం కుదరదని, బండి ఎక్కినవాళ్లే వచ్చి బరువుందని చెప్పాలని అన్నాడు. ఎల్లుండే రిపోర్టు హైదరాబాద్ పోవాలి. పోయిందంటే దొంగతనం అందులో అచ్చయిపోతుంది, దాని మీదే కేసు నిలబడుతుంది.

మడికొండ పోయి, అక్కడి నుంచి ఆ పల్లెకు పోయి, ఊరివాళ్లను బతిమాలి పిలుచుకొచ్చాను. వెంకట్రాజం కోసమంటే అందరూ కదిలారు. కులపెద్ద రాయమల్లు ముందు నడిచాడు. బక్కమ్మ వచ్చింది. మొగిలమ్మ పిల్లతో వచ్చింది. ఆఫీసు వరండా నిండిపోయింది. సారు రాయమల్లును కూర్చోమని, మీ ఊరివాళ్లు ఎర్రబండిలో బంగారం తీసుకుపోయారా అని అడిగాడు. పోయామన్నాడు. ఎంత బరువుంటుంది అని అడిగాడు.

"బరువెక్కడిది సారూ. అమ్మ మోస్తది. మేం చెయ్యి వడతం, అంతే."

సారు నా ముఖం చూశాడు. ఒక్కొక్కరినే అడిగాడు. ఎవరిని అడిగినా అదే జవాబు. పువ్వు లెక్క ఉండెనని ఒకాయన అన్నాడు. చివరకు బక్కమ్మ వంతు వచ్చింది. కన్నతల్లి కదా, కొడుకు జైల్లో ఉన్నాడు కదా, ఈమె అయినా చెబుతుందని నేను ఆశపడ్డాను. ఆమె సారుకు రెండు చేతులూ జోడించింది.

"కొడుకు నావోడే సారూ. మనుమరాలు గూడ నాదే. బరువు లేకుండె."

తల్లి నోటి నుంచి ఆ మాట వింటానని అనుకోలేదు. సారు పెన్ను మూతపెట్టాడు. మీరు చెప్పిందానికీ వీళ్లు చెప్పేదానికీ పొంతన లేదు భారతీ అన్నాడు మెల్లగా. వాళ్లంతా నా వైపు తిరిగి క్షమించమన్నట్టు చూశారు. నాకు వాళ్లను చూడబుద్ధి కాలేదు.

అప్పుడే నా బుర్ర పనిచేసింది. బంగారం బరువు అడిగితే కదా చిక్కు. వీళ్లలో చాలామందివి నిలువెత్తు మొక్కులు. మనిషి బరువెంతో బంగారమూ అంతే. మనుషుల్నే తూస్తే సరి. నీ బరువెంత అని అడిగితే తప్పేమీ లేదు కదా అని రాయమల్లును అడిగాను. తప్పేముంది, కిలో ఎక్కువో తక్కువో నాది నాకెర్కనే అని ఆయన మొదటిసారి నవ్వాడు. వరండాలో అందరికీ ప్రాణం లేచొచ్చినట్టయింది. సారుకు కూడా ఉపాయం నచ్చింది. పుస్తకంలో సగటుకన్నా ఇది మేలని, మనుషుల అసలు బరువులే దొరుకుతాయని ఉత్సాహపడ్డాడు. కానీ ఒక షరతు పెట్టాడు. మనిషి బరువూ మోసిన బంగారం బరువూ ఒకటేనని కనీసం ఒకరి విషయంలో తన కళ్లముందు రుజువు కావాలి.

రుజువుకు మనిషి ఉండనే ఉంది. మొగిలమ్మకు అయిదు దిమ్మలు సరిగ్గా తూగాయని బాపుకు గుర్తుంది. మరుసటి రోజు పొద్దున అందరం కాజీపేట దుకాణానికి చేరాం. బజారు బజారంతా వచ్చి నిలబడింది. ఆ మాఘంలో కొన్న సరుకులోంచే, అదే అచ్చులో పోసిన దిమ్మలు అయిదు తెచ్చి బాపు ఒక పల్లెంలో పెట్టాడు. మొగిలమ్మ పిల్లను అత్తకిచ్చి, దండం పెట్టుకుని, రెండో పల్లెంలో ఎక్కి కూర్చుంది.

పల్లెం దిగలేదు.

బెల్లం పల్లెం నేలకు అంటుకుని ఉండిపోయింది. మొగిలమ్మ పైన గాలిలో, గొలుసులు పట్టుకుని, అటూ ఇటూ ఊగుతూ ఉండిపోయింది. బాపు కాంటా ముల్లు తట్టి చూశాడు. గొలుసులు సరిచేశాడు. ఆమె కాళ్లు ముడుచుకుని బరువుగా కూర్చోవడానికి ప్రయత్నం చేసింది. ఏమీ మారలేదు. బాపు ఒక దిమ్మ తీసి కింద పెట్టాడు. రెండు పల్లేలూ సమానమయ్యాయి.

సారు గొంతు సవరించుకున్నాడు. నాలుగు దిమ్మలే తూగుతున్నాయి కాబట్టి, అయిదన్న మాట పొరపాటు కావచ్చన్నాడు. బాపు ముఖం ఎర్రబడింది. ఆ కాంటా ముప్పై ఏళ్లుగా ఎవరినీ మోసం చేయలేదు. పొరపాటని ఆయనను అప్పటిదాకా ఎవరూ అనలేదు. కానీ అప్పటికే ఆయన మొగిలమ్మ చేతుల వైపు చూస్తున్నాడు.

గొలుసులు పట్టుకుని చేతులు పైకెత్తడంతో ఆమె గాజులు మోచేతుల దాకా జారిపోయాయి. రవిక భుజాల మీద నిలవడం లేదు. మెడ కింద ఎముకలు తేలి ఉన్నాయి. ఆదివారం నుంచి ఆమెను చూస్తూనే ఉన్నాను, ఇది మాత్రం ఇప్పటిదాకా చూడలేదు. మొగుణ్ని తీసుకుపోయినప్పటి నుంచి ఈమె తినడం లేదు. ఉన్నది పిల్లకు పెట్టి, ముసలామెకు పెట్టి, తాను నీళ్లు తాగి కూలికి పోతోంది. ఒక దిమ్మంత మనిషి కరిగిపోయింది.

"పొరపాటు కాదు సార్. ఆమె తింటలేదు. కళ్లుంటే చూడండి," అన్నాను. ఆఫీసరుతో మాట్లాడే తీరు కాదని తెలుసు. గొంతు నా మాట వినలేదు.

సారు చూశాడు. ఆయన ముఖంలో రంగు పోయింది. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, నిజంగానే బాధపడుతూ, తాను నమ్ముతున్నానని, కానీ రాయడానికి ఏదో ఒకటి కావాలని అన్నాడు. ఈ తూకం ఇప్పుడు పనికిరాదు. మిగతావాళ్లను తూచినా రేపు కోర్టులో ఇదే అడుగుతారు. మోసినవాళ్లలో ఒక్కరు, ఒకే ఒక్కరు, బండిలో బరువుండెనని తన ముందు చెబితే చాలు, ఇవాళే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. ఆ మాట నేను ఊరివాళ్లకు మళ్లీ చెప్పాను. రాయమల్లు నేల చూపులు చూశాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నిన్న వెంకట్రాజం కోసమంటే కదిలొచ్చిన మనుషులు వీళ్లేనా అనిపించింది.

మొగిలమ్మ ఇంకా పల్లెంలోనే కూర్చుని ఉంది. దిగమని బాపు చేయి అందించాడు. ఆమె చేయి పట్టుకోలేదు. అత్త చంకలో ఉన్న పిల్లను ఒకసారి చూసుకుంది. తర్వాత సారు వైపు తిరిగింది.

"బరువుండె సారూ."

వినబడీ వినబడనట్టు ఉంది ఆ మాట. అయినా దుకాణం ముందున్న జనం ఒక అడుగు వెనక్కి జరిగారు. బక్కమ్మ మనుమరాలి తలను భుజానికి అదుముకుని, రెండో చెవిని అరచేత్తో మూసేసింది. సారుకు ఇదేమీ అర్థం కాలేదు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పెన్ను తీసి, కాగితం సర్దుకుని, ఇంకోసారి గట్టిగా చెప్పమ్మా, రాసుకుంటానన్నాడు. వద్దని అరవాలనిపించింది నాకు. ఒకసారి చాలదా?

"బరువుండె," అంది మొగిలమ్మ, ఈసారి బజారంతా వినేటట్టు. "ఇద్దరు వట్టి నా నెత్తిన వెట్టిన్రు. మెడ వంగిపోయింది. నాది బరువుండె, మా అత్తది బరువుండె, అందరియి బరువుండె. మా ఆయన దొంగ గాదు."

సారు అంతా రాసుకుని, సంతకం బదులు ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు. సాయంత్రానికల్లా వెంకట్రాజం బయటికొస్తాడని అందరికీ వినబడేట్టు చెప్పాడు. అక్కడే నిలబడి కాగితం వెనక పెన్సిలుతో ఏదో గబగబా వేసి, నన్ను పక్కకు పిలిచి చూపించాడు. అంత బరువు మోసి కూడా ఎర్రబండి తాగింది పావు వంతే ఎక్కువంటే, అసలు గెలిచింది ఎర్రబండేనట. తల మీద లెక్క కాదు, మోసిన బరువు మీద లెక్క వేస్తే పచ్చబండి దాని దరిదాపుల్లో కూడా లేదట. వరంగల్ వరుసలో ఏ అంకె వేయాలో దొరికిందని ఆయన కళ్లు మెరుస్తున్నాయి. నాకు ఒక్క ముక్క కూడా తలకెక్కలేదు.

ఊరివాళ్లు ఒక్కొక్కరే కదిలిపోయారు. మొగిలమ్మతో ఎవరూ మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. బక్కమ్మ కోడలి ముఖం చూడకుండా, పిల్లను భుజాన వేసుకుని, ఎండలోనే నడిచిపోయింది. పిల్ల వెనక్కి తిరిగి తల్లి కోసం చేయి చాపింది.

మొగిలమ్మ పల్లెంలోంచి దిగింది. కాళ్లు తడబడితే నేను పట్టుకున్నాను. చేతిలో ఎముక తగిలింది. బాపు అన్నం పెట్టించమని లోపలికి కేకేశాడు. ఆమె లోపలికి రాలేదు. కూతురు పోతున్న వైపే చూస్తూ, నా చేయి వదలకుండా అడిగింది.

"అక్కా, నువ్వు సదువుకున్నదానివి. సారలమ్మకు ఏం గాదు గద?"

ఏం కాదు అనాలి. ఇన్నాళ్లూ ఆ మాటే కదా నేను అందరి మీదా అరిచింది. ఒక మాటకు పిల్లకు జ్వరమొస్తుందా అని బాపును నిలదీసింది నేనే. నోరు తెరిచాను. ఎండలో ఆ పిల్ల తల మీద కొంగు కూడా లేదని కనిపించింది. ఏం కాదు అనే ఆ చిన్న మాట నా నోటికి రాలేదు. మొగిలమ్మ నా చేతిలోంచి తన చేయి మెల్లగా తీసుకుంది.